బస్సు మీద వచ్చిన మనవడు

మొన్న వేసవి సెలవులకి మా చెల్లెలి కొడుకు అమెరికా నుంచి వచ్చేడు. రాజమండ్రిలో బస్సెక్కి, రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురంలో దిగి, ఇంట్లో అడుగు పెడుతూనే "అమ్మమ్మా, నేను బస్సు మీద వచ్చాను" అన్నాడు.

మా అమ్మ చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"అయ్యో నా తండ్రీ! ఈ ఎండలో పైకెక్కి కూర్చున్నావా? లోపల చోటే లేదూ?"

వాడికి అర్థం కాలేదు. నాకు నవ్వాగలేదు. ఇంగ్లీషులో కారుకైతే 'ఇన్', బస్సుకైతే 'ఆన్'. వాడు ఆ 'ఆన్'నే తెలుగులోకి తెచ్చుకున్నాడు.

"బస్సు కొత్తపేట మీదుగా వస్తుంది నాన్నా. మనం బస్సులో వస్తాం" అంది అమ్మ. వాడు రెండుసార్లు వల్లించుకున్నాడు. అంతే, అందరం నవ్వుకుంటూ భోజనాలకి లేచేం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను హాస్టల్లో ఉండి బి.ఎ. చదివే రోజుల్లో నాన్నగారితో మాటా మాటా వచ్చి ఇంటికి వెళ్ళడం మానేసేను. అప్పుడు అమ్మ నాకో ఉత్తరం రాసింది, ఇంగ్లీషులో! మా నాయనమ్మ కంట పడినా అర్థం కాకూడదని. హైస్కూలుతో చదువాగిపోయిన మనిషి, నా పాత రెన్ అండ్ మార్టిన్ గ్రామరు ముందు పెట్టుకుని రాసిందట. 'డోంట్ బి యాంగ్రీ ఆన్ యువర్ ఫాదర్' అని, 'వియ్ డిస్కస్డ్ ఎబౌట్ యూ' అని.

నేనేం చేసేనో తెలుసా? ఎర్ర సిరాతో 'ఆన్' కొట్టేసి 'విత్' రాసి, 'ఎబౌట్' అక్కర్లేదని సున్నా చుట్టి, తిరుగు టపాలో పంపేను! ఆ సంక్రాంతికీ ఇంటికి వెళ్ళలేదు. తర్వాత ఆవిడ ఉత్తరాలన్నీ తెలుగులోనే వచ్చేయి.

ఆవిడ చేసిన తప్పేమిటి? మన భాషలో కోపం మనిషి 'మీద' వస్తుంది. యాంగ్రీకి 'విత్' ఎందుకయ్యా అంటే ఇంగ్లీషువాడైనా "అదంతే" అంటాడు. మన 'కు' చూడండి, ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు. అమలాపురానికి వెళ్ళాలన్నా, ఐదింటికి రావాలన్నా, కూరకి వంకాయలు కావాలన్నా అదే పరుగెత్తాలి. ఇంగ్లీషువాళ్ళకి 'టు', 'ఎట్', 'ఫర్' అని మూడు వేరు కాపురాలు. 'నాకు జ్వరం' అంటే ముగ్గురిలో ఒక్కరూ పలకరు! రాజమండ్రిలో ఉద్యోగం చేసిన బ్రౌను దొర మన మాటల తీరు తనవాళ్ళకి చెప్పడానికి 1840లో ఏకంగా ఒక వ్యాకరణమే అచ్చు వేయించేడు.

అలాగని తప్పులు రాయమనను. ఉద్యోగానికి పెట్టే దరఖాస్తులో 'మేరీడ్ విత్' అని కనిపిస్తే ఇప్పటికీ నేనే దిద్దుతాను. అమ్మ రాసింది దరఖాస్తు కాదు.

మనవడు వెళ్ళే రోజు వచ్చింది. ఇంకో వారం ఉంటానంటే వాళ్ళమ్మ ఫోనులో ఒప్పుకోలేదని వాడు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. అమ్మ ఓ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వాడి సంచీలో పెడతాను. ఓసారి చూడవే."

'డోంట్ బి యాంగ్రీ విత్ యువర్ మదర్' అని ఉంది.

"'విత్' కదూ? నువ్వే దిద్దేవుగా అప్పుడు" అంది అమ్మ, పూలు కట్టుకుంటూ, తల ఎత్తకుండానే.

నాకు మాట రాలేదు. కింద ఇంకో వాక్యం ఉంది. 'కమ్ ఇన్ సంక్రాంతి' అని. అక్కడ 'ఎట్' ఉండాలి.

"బావుందే అమ్మా" అని కవరు అంటించేసేను.