రంగాగారి కాగితాలు

ఆచార్య ఎన్.జి. రంగా 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించారు. 1991లో లోక్‌సభ నుంచి బయటికి వచ్చారు. నడుమ 1971లో శ్రీకాకుళంలో ఓడిపోయి కొన్నేళ్ళు సభకు దూరంగా వున్న మాట నిజమే. కాని ఆ విరామాన్ని తీసేసినా మిగిలేది మామూలు లెక్క కాదు. రాజ్యాంగసభ, రెండు దఫాలు రాజ్యసభ, తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, గుంటూరు నియోజకవర్గాల నుంచి లోక్‌సభ. పార్టీల సంగతి చెప్పాలంటే కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, మళ్ళీ కాంగ్రెసు, స్వతంత్ర పార్టీ, ఇంకోసారి కాంగ్రెసు. మా వైపు ఇంత పొడుగుపాటి వ్యవహారం దేన్ని చూసినా ‘కొండవీటి చాంతాడు’ అంటారు. కొండమీది బావులకు అంత తాడు కావలసి వచ్చేదట. మేం ఆ కొండ కింద పుట్టిన వాళ్ళం గనుక ఆ సామెత మాకు సొంత ఆస్తి కింద లెక్క.

ఇంతకాలం చట్టసభల్లో కూర్చున్న మనిషికి కాగితాలు పోగుపడతాయి. వచ్చిన ఉత్తరాలు, రాసిన వాటి నకళ్ళు, ఉపన్యాసాల చిత్తుప్రతులు, పత్రికల కత్తిరింపులు, పార్టీ సర్కులర్లు, అర్జీలు. రంగాగారి కాగితాలు ఢిల్లీలో తీన్‌మూర్తి భవనంలో వున్నాయి. 1964లో నెహ్రూ మరణించాక అక్కడ ఆయన పేరిట మ్యూజియమూ గ్రంథాలయమూ పెట్టారు. 2023లో దాని పేరు ప్రధానమంత్రుల మ్యూజియమని మార్చారు. నెహ్రూ ఆర్థిక విధానాన్ని 1959 నుంచీ పార్లమెంటులో తెగనాడిన వాడి కాగితాలు నెహ్రూ ఇంట్లోనే భద్రంగా వుండడం చరిత్ర ఆడిన చిన్న వేళాకోళం. ఆ కప్పు కింద కాగితాలు ఎవరి సొత్తు అన్న ప్రశ్న ఇంకా తెగలేదు. 2008లో నెహ్రూ కాగితాలే 51 పెట్టెలు తిరిగి కుటుంబం వారి వద్దకు వెళ్ళాయి. ప్రజాజీవితంలో పుట్టిన కాగితాలు కుటుంబం సొత్తా, ప్రజల సొత్తా అన్నది న్యాయవాదులకు వదిలిపెట్టవలసిన తగవు కాదు. దాన్ని మళ్ళీ ఎత్తుకుంటాను.

రంగాగారి కాగితాలతో మనకేం పని అని నా మిత్రులు అడుగుతారు. వాళ్ళ విసుగుకు కారణాలు లేకపోలేదు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులను ఓడించడానికి కట్టిన ఐక్య కాంగ్రెసు కూటమిలో కృషికార్ లోక్ పార్టీ వుంది. మనకు 15 స్థానాలు మిగిలాయి. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ సహకార వ్యవసాయానికీ, భూపరిమితికీ తీర్మానం చేస్తే, రంగాగారు ఆ పార్టీని వదిలి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షులయ్యారు. 1962లో తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్య ఆయన్ని ఓడించారు. ఇంత స్పష్టంగా అవతలి గట్టున నిలబడ్డ మనిషి రాసుకున్న ఉత్తరాలు చదవడం కాలహరణమని తోచడం సహజం.

అయితే చాంతాడుకు ఇంకో కొస వుంది. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడ్డప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. అంతకు ముందే జమీందారీ రైతుల బాధల్ని ఊరూరా తిరిగి సేకరించిన వాడాయన. నిడుబ్రోలులో రైతుబిడ్డలకు రాజకీయాలూ ఆర్థికశాస్త్రమూ చెప్పడానికి బడి పెట్టాడు. ఆక్స్‌ఫర్డులో చదివిన పెదరైతు కొడుకు, 1926 నాటికే డెల్టా గ్రామాల ఆర్థిక జీవితాన్ని లెక్కలు కట్టి ఇంగ్లీషులో పుస్తకం వేసిన వాడు. ఈ సగాన్ని ‘అప్పుడు మనవాడు’ అనీ, మిగతా సగాన్ని ‘తర్వాత ద్రోహి’ అనీ రెండు ముక్కలుగా కోసి పక్కన పెడితే మనకు తెలిసేది శూన్యం. ద్రోహమన్న మాట మనిషి గుణాన్ని చెపుతుందేమో గాని, వర్గాల కదలికను చెప్పదు.

నా ఉద్దేశంలో రంగాగారు తన మాట నుంచి ఎప్పుడూ పెద్దగా జరగలేదు. ఆ మాట ‘రైతు’. కదిలింది ఆ మాట కింద వున్న నేల.

1930ల్లో ‘రైతు’ అంటే జమీందారుకు ఎదురు నిలిచిన వాడు, షాహుకారుకు వడ్డీ కట్టలేక కుంగినవాడు, తెల్లవాడి శిస్తు మోసేవాడు. పాతికెకరాల ఆసామీ, రెండెకరాల చిన్నరైతూ, పొలం కౌలుకు చేసేవాడూ ముగ్గురూ ఆ ఒక్క మాట కింద ఇమిడిపోయారు. పై నుంచి నొక్కే బరువు అంత వుంటే కిందివాళ్ళ ఎత్తుపల్లాలు కనపడవు. 1948లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. పై బరువు తొలగగానే రైతన్న మాట లోపలే పగులు కనపడింది. ఇప్పుడు కౌలుదారుకు ఎదుట వున్నది జమీందారు కాదు, ఊళ్ళో మోతుబరి. కూలి రేట్ల దగ్గర తగాదా పడవలసింది దొరతో కాదు, రైతుతోనే. ఇటువంటి సమయంలో ‘రైతులందరూ ఒకటి’ అని 1936లో అన్న మాటే 1959లో కూడా అంటే, ఆ మాట చేసే పని మాత్రం తలకిందులవుతుంది. మొదట అది జమీందారుకు వ్యతిరేకంగా పనిచేసింది. తర్వాత భూపరిమితికి వ్యతిరేకంగా పనిచేసింది.

దీనికి ఆయన మాటలే సాక్ష్యం పలుకుతాయి. 1946 డిసెంబరులో రాజ్యాంగసభలో లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ, నిజమైన మైనారిటీలు మతాల వారు కాదనీ, మామూలు పౌరహక్కుల్ని సైతం వినియోగించుకోలేనంతగా అణగారిపోయిన ఈ దేశపు సామాన్య జనమే అసలైన మైనారిటీ అనీ ఆయన వాదించారు. హక్కులు కాగితం మీద రాస్తే చాలదు, వాటిని అందుకోవడానికి పేదవాడికి ఆసరా కావాలన్నది ఆ వాదంలోని సారం. ఆ సభలో మాట్లాడిన ఎంతోమంది కంటె ఎక్కువగా పల్లెటూరిని ఎరిగి మాట్లాడిన మాటలవి. పదమూడేళ్ళు తిరిగేసరికి అదే మనిషి ఆస్తిహక్కుకు కాపలాదారుగా నిలబడ్డాడు. ఈ పదమూడేళ్ళలో ఏం జరిగిందో ప్రచురితమైన ఉపన్యాసాల వల్ల తెలియదు. ఉపన్యాసం నిర్ణయం జరిగాక చేసేది. నిర్ణయం జరుగుతూ వున్నప్పటి సందిగ్ధం దొరికితే ఉత్తరాల్లో దొరకాలి. అందుకే ఆ కాగితాలు మనకు కావాలి.

ఈమధ్య స్వతంత్ర పార్టీ చరిత్ర మీద విశ్వవిద్యాలయాల్లో ఆసక్తి పెరిగింది. మార్కెట్టు ఆర్థిక విధానానికి దేశంలో ఒక పాత వంశవృక్షం కావలసి వచ్చిన వాళ్ళు అక్కడికి వెతుక్కుంటూ వెళుతున్నారు. వెళ్ళనివ్వండి. అయితే ఆ వెతుకులాటలో కిసాన్ సభ కార్యదర్శి కనపడడు. కనపడ్డా యవ్వనంలో కలిగిన ఒక చాపల్యంగా కనపడతాడు. మనం ఆ గదిలోకి వెళ్ళకపోతే రంగాను వాళ్ళకు దఖలు పరిచినట్టే.

మనం కూడా నిజాయితీగా ఒప్పుకోవలసిన సంగతి ఒకటి వుంది. సహకార వ్యవసాయమంటే ఆనాడు చిన్నరైతు భయపడ్డాడు. ఆ భయం అంతా భూస్వాముల ప్రచారం వల్ల పుట్టింది కాదు. రెండెకరాల వాడికి ఆ రెండెకరాలే పరువు, పెళ్ళికి హామీ, కరువుకు ధైర్యం. సోవియట్ యూనియన్లో 1930ల్లో సమష్టీకరణ ఎంత ప్రాణనష్టంతో జరిగిందో ఇవాళ దాచితే దాగేది కాదు. కుటుంబ సేద్యమే రైతు స్వాతంత్ర్యమని రంగాగారు అన్నప్పుడు ఆ చిన్నరైతు గుండెలోని మాటనే పట్టుకున్నారు. లోపం ఎక్కడుందంటే, డెల్టాలో ఆ ‘కుటుంబ సేద్యం’లో నాట్లు వేసిందీ, కోతలు కోసిందీ ఎక్కువ భాగం ఆ కుటుంబం కాదు, మాల మాదిగ పల్లెల్లోని ఆడామగా. ఆ కుటుంబంలో వాళ్ళకు లెక్క లేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్నకు ఒక రేకు పెట్టె వుండేది. దానిలో మా సొంత ఎకరంన్నరకు శిస్తు రసీదులు, రెండు ప్రోనోట్లు, ఒక జాతకం, పత్తి అమ్మిన చీటీలు వుండేవి. కాని మా బతుకు నడిచింది ఆ ఎకరంన్నర మీద కాదు, ఒక ఆసామీ దగ్గర కౌలుకు చేసిన నాలుగెకరాల మీద. ఇరవై రెండేళ్ళు ఆ చేలో పత్తి, మిరప వేశాడు మా నాన్న. ఆ నాలుగెకరాలకు సంబంధించిన కాగితం ముక్క ఒక్కటీ ఆ పెట్టెలో లేదు. కౌలు నోటిమాట. ఏటా ఉగాదికి వెళ్ళి అడగడం, ఆయన తలూపడం, అంతే. ఒక ఏడు తల అడ్డంగా ఊగింది. తాలూకాఫీసు చెట్టు కింద అర్జీలు రాసేవాడి చేత అర్జీ రాయించాలని ఎవరో సలహా ఇచ్చారు. ఏ ఆధారం చూపిస్తావని ఆ రాసేవాడే అడిగాడు. అర్జీ రాయలేదు.

చట్టం లేకపోవడం వల్ల ఇది జరగలేదు. ఆంధ్ర ప్రాంతానికి 1956లోనే కౌలుదారీ చట్టం వచ్చింది. 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని కింద కార్డు కావాలంటే భూమిగలవాడు సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం అవతలివాడికి. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట బీమా లేదు, ఉరేసుకున్నా కుటుంబానికి పరిహారం వచ్చేదాకా నమ్మకం లేదు. కాగితం లేనివాడు రైతు కాడు. పంట పండించేది మాత్రం వాడే.

కనుక ఏ శాసనసభ్యుడి కాగితాల కట్ట విప్పినా, దానిలో మాట్లాడేది కాగితం రాయగలిగిన వాళ్ళే అన్న సంగతి మరవగూడదు. మా కొండవీడే దీనికి పాత ఉదాహరణ. అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడనీ, పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి అనీ, 1515లో కృష్ణదేవరాయలు దుర్గాన్ని పట్టాడనీ అందరికీ తెలుసు. శాసనాలూ కావ్యాలూ చెప్పని స్థానిక వివరాలను అందించింది మాత్రం కరణాల కవిలెలు. కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి సంపాదించిన వాటిలో కొండవీటి దండకవిలె ఒకటి. రెడ్డిరాజుల చరిత్ర రాసిన మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి వారికి అది పనికి వచ్చింది. కరణం అగ్రహారాలు రాశాడు, మాన్యాలు రాశాడు, ఎవరు ఏలితే శిస్తు ఎంతో రాశాడు. అతని కొలువు అటువంటిది. కొండ మీదికి రాళ్ళు మోసినవాళ్ళ సంగతి రాయడం అతని పని కాదు. అంతమాత్రాన దండకవిలెను మనం పారేశామా? దాన్ని కరణం ఉద్దేశించిన దానికంటె ఎక్కువగా చదవడం నేర్చుకున్నాం.

అన్ని కాగితాలూ ఢిల్లీకే పోలేదన్న ఊరట కొంత వుంది. సత్తెనపల్లి నుంచి 1952, 1955, 1962, 1967లలో నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు సభలో మాట్లాడిన మాటలు శాసనసభ చర్చల సంపుటాల్లో అచ్చయి వున్నాయి. ఆ సంపుటాల దుమ్ము దులిపే విద్యార్థి అరుదు. రంగాగారి కాగితాలకు విద్యార్థి వెళ్ళాలంటే రైలు ఖర్చూ, ఢిల్లీలో బసా కావాలి. నరసరావుపేటలో చదివే కౌలుదారు బిడ్డకు అది చిన్న సంగతి కాదు. ప్రజల కాగితాలు ప్రజల సొత్తు అనడానికి అర్థం, వాటి నకళ్ళు గుంటూరులో కూడా దొరకాలని. ఆయన పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంలో వుంది. ఆయన కాగితాల నకళ్ళు అక్కడ వుంచమని అడగడంలో విప్లవమేమీ లేదు. రచయితల సంఘం ఒక తీర్మానం చేస్తే సరిపోతుంది, ముందు.

వెళ్ళగలిగిన వాళ్ళకు ఒక మాట. పెద్దపేర్ల ఉత్తరాలతో మొదలుపెట్టకండి. నెహ్రూకు, రాజాజీకి రాసినవి ఎవరో ఒకరు చదివే వుంటారు. అర్జీలు వుంటే వాటిని ముందు అడగండి. ఏ ఊరి నుంచి వచ్చింది, కింద సంతకమా వేలిముద్రా, ‘రైతు’ అని ఎవరు తమను చెప్పుకున్నారు, ‘కౌలుదారు’ అని ఎవరు చెప్పుకున్నారు, ఏ సంవత్సరం నుంచి ఆ రెండో మాట తగ్గిందీ పెరిగిందీ గుర్తు వేసుకోండి. తెలుగు ఉత్తరాలు గొలుసుకట్టులో వుంటే తికమక పడతారు. పాత దస్తావేజులు చదవడం వచ్చిన ముసలివాళ్ళు తాలూకాఫీసుల చుట్టూ ఇంకా కొందరు వున్నారు. వెళ్ళేముందు వాళ్ళ దగ్గర ఒక నెల కూర్చోండి.