పైరగాలి వచ్చే వేళ

మార్చి నెలాఖరుకే నెల్లూరులో పొద్దున పదింటికి గొడుగులు తెరుచుకుంటాయి. 'ఇంకేముంది, ఎండలొచ్చేశాయి' అని ఉసూరుమంటాం. కానీ అసలైన ఎండలకు ముందు మా ఊరికి నాలుగు వారాల ముద్దు వేసవి ఒకటుంది. నన్నడిగితే ఏడాది మొత్తంలో నెల్లూరు చూడాల్సింది అప్పుడే!

ముందు పులుసు సంగతి. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ముక్క పడాల్సిందే. ఆ కాయ మార్కెట్లోకి వచ్చేది ఇప్పుడే. సముద్రపు చేప దండిగా దొరికేదేమో ఏప్రిల్ 14 వరకే. చేపలు గుడ్లు పెట్టే కాలమని 15వ తేదీ నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు. అంటే కొత్త మామిడికాయ, తాజా వంజరం ఒకే దాకలో కలిసే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. చెరువు చేపలు, కొరమేను ఉండనే ఉన్నాయనుకోండి. అయినా దేని రుచి దానిదే కదా!

అందుకే మొన్న ఆదివారం తెల్లవారుజామునే మైపాడుకు బండి తీశాను. ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్లు. దారి పొడవునా వరి మళ్లు, ఆ తర్వాత తాటిచెట్లు, ఒకప్పుడు మద్రాసుకు సరుకు పడవలు నడిచిన బకింగ్‌హామ్ కాలువ. అదీ దాటితే ఇసుక, దాని వెనక నీళ్లు. ఆరున్నరకే అలల్లో పిల్లల కేరింతలు. (పాదాలు తడుపుకోండి చాలు. ఇక్కడ లోపలికి లాగేసే అలలతో ఆటలొద్దు.) ఒడ్డున చేపలమ్మే ఆమెతో బేరమాడబోతే, 'ఇంకో పది రోజులు పోతే అడిగినా ఉండవు అన్నా' అంది. నోరుమూసుకుని డబ్బిచ్చాను.

వస్తూ వస్తూ తాటిముంజలు. కొడవలితో కాయ నెత్తి చెక్కి ఇస్తే, బొటనవేలు గుచ్చి పీల్చుకోవడమే. చొక్కా మీద మరక పడకుండా తినడం ముప్పై ఐదేళ్లొచ్చినా నాకు చేతకాలేదు.

మధ్యాహ్నానికి కొత్త కుండలో వట్టివేళ్ల నీళ్లు, మిద్దె మీద పాత చీర పరిచి పెట్టిన సగ్గుబియ్యం వడియాలు. సగం ఎండిన వడియం దొంగతనంగా తినని వాళ్లెవరైనా ఉన్నారా?

ఇవన్నీ ఒకెత్తు, సాయంత్రం గాలి ఒకెత్తు. ఎండకు నేల త్వరగా కాగుతుంది, సముద్రం అంత త్వరగా వేడెక్కదు. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి తోసుకొస్తుంది. నాలుగు దాటాక ఎప్పుడో ఊళ్లోకి దిగుతుంది. మే నెల ముదిరితే పడమటి వడగాలులు దాన్ని ఒడ్డు దగ్గరే నిలబెట్టేస్తాయి. ఇక రోహిణీ కార్తెలో అడగనే వద్దు. కాబట్టి ఈ గాలికీ గడువు ఉంది.

మా ఇంటి గాలికి మరో గడువు కూడా వచ్చింది. తూర్పున ఉన్న ఖాళీ స్థలంలో అపార్టుమెంటు లేస్తోంది. మూడో శ్లాబు పడింది. వాళ్ల స్థలం, వాళ్ల ఇల్లు... తప్పు పట్టడానికేం లేదు. అమ్మ గదికి ఏసీ పెట్టిద్దామని ఫిబ్రవరి నుంచీ అంటున్నాను. 'ఈ ఏడు ఆగరా' అంటుందే గానీ ఎందుకో చెప్పదు. మోకాళ్ల నొప్పులతో తను మిద్దె ఎక్కి రెండేళ్లయింది.

ఆ ఆదివారం సాయంత్రం అడిగింది, 'పైకి తీసుకుపోతావా?' అని.

పద్దెనిమిది మెట్లు. నాలుగు మెట్లకోసారి ఆగాం. పైన నులకమంచం వాల్చి, జల్లెడలో మల్లెమొగ్గలు పోసిచ్చాను. మాల కడుతూ కూచుంది. ఐదైనా ఆకు కదల్లేదు. ఆ గోడలు అప్పుడే అడ్డం పడ్డాయేమోనని నాకు గుబులు. ఐదున్నరకు పక్కింటి కొబ్బరి మట్టలు గలగలమన్నాయి. అమ్మ పైట చెంగు ఎగిరింది.

'వచ్చిందిరా' అంది, ఎవరో చుట్టం వచ్చినట్టు.

చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. కిందికి దిగేముందు ఆకలేసి, పులుసు గిన్నె పైకే తెస్తానన్నాను. 'కొంచెమే వడ్డించుకో, రేపటికే దాని రుచి' అంది. తర్వాత కాసేపాగి, 'రేపు కూడా ఎక్కుదాం' అంది.