హరాజుకూలో హౌస్‌ఫుల్ బోర్డు

కొత్త సినిమా రిలీజు నాడు హాలు ముందు సీను మీకు కొత్తగా చెప్పాలా? కౌంటర్ మూసేస్తారు. హౌస్‌ఫుల్ బోర్డు వేలాడుతుంది. అప్పుడు పక్కనుంచి ఓ మనిషి వచ్చి, మన మొహం చూడకుండానే "బాల్కనీ... బాల్కనీ..." అని గొణుగుతాడు. ఆన్‌లైన్ బుకింగులు వచ్చాక ఆ మనిషి మన ఊళ్లలో కాస్త పలచబడ్డాడు గానీ, ఆయనకి అన్నదమ్ములు ప్రపంచమంతా ఉన్నారు. ఒకాయన టోక్యోలో కనిపించాడు నాకు. తేడా అల్లా ఒక్కటే... ఆయన చేతిలో ఉన్నది టికెట్టు కాదు, టీషర్టు!

టోక్యోలో హరాజుకూ అని ఓ పేట ఉంది. యామనోతే లైను రైలెక్కితే షిబుయా పక్క స్టేషనే. 1924లో కట్టిన ముచ్చటైన చెక్క స్టేషను 2020 మార్చి దాకా అక్కడ వాడుకలో ఉండేది. ఇప్పుడున్నది గాజు గోడల కొత్త భవనం. స్టేషనుకి ఒక పక్క మెయిజీ మందిరం. 1920లో కట్టినప్పుడు జనం లక్ష చెట్లదాకా విరాళంగా ఇచ్చారట. అవన్నీ పెరిగి ఇవాళ పెద్ద అడివైపోయింది. లోపల కంకర మీద మన అడుగుల చప్పుడు మనకే వినిపిస్తుంది. రెండో పక్క తకేషితా వీధి. గట్టిగా 350 మీటర్లుంటుందేమో! అందులో మన తిరనాళ్లంత జనం. క్రేపు అని మన దోసెకి చుట్టంలాంటి దాన్లో ఐస్‌క్రీము చుట్టి ఇస్తుంటే, రంగురంగుల జుట్టు పిల్లలు తింటూ నడుస్తుంటారు. భక్తికీ ఫ్యాషనుకీ మధ్య ఇక్కడ రైలు పట్టాలే అడ్డం!

నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది మా మేనల్లుడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్‌లో చిన్న గదిలో కాపురం. "మావయ్యా, ముందు వీధి టూరిస్టులకి. అసలు సినిమా వెనక వీధిలో ఉంది, రా!" అన్నాడు.

వెనక వీధి హీరోలు

ఆ వెనక వీధుల్నే 'ఉరా-హరాజుకూ' అంటారు. ఉరా అంటే వెనక అనే అర్థం. ఇరుకు సందులు, రెండంతస్తుల ఇళ్లు, బోర్డు కూడా సరిగా కనపడని షాపులు. మొదటిసారి వెళ్లినవాడికి "ఇదేనా?" అనిపిస్తుంది.

కానీ ఈ సందులకో చరిత్ర ఉంది. 1993 ఏప్రిల్‌లో ఇద్దరు కుర్రాళ్లు 'నోవేర్' అని ఓ చిన్న షాపు పెట్టారు. ఒకడు జున్ తకహాషి, అండర్‌కవర్ అనే బ్రాండు అతనిది. రెండోవాడు తోమోఆకి నగావో. అప్పట్లో హిరోషి ఫుజివారా అనే ఆయన ఈ కుర్రకారుకి పెద్ద హీరో. డిస్కులు తిప్పేవాడు, బట్టలు తయారుచేసేవాడు, ఏది వేస్తే అదే ఫ్యాషను! నగావో అచ్చం ఆయనలాగే ఉంటాడని జనం 'నీగో' అన్నారు. అంటే 'నెంబర్ టూ' అని. మన దగ్గర ఫలానా హీరోకి డూపు అంటే నామోషీ కదా! ఇతగాడు మాత్రం ఆ పేరే పెట్టుకుని, నెంబర్ వన్‌తో సమానంగా ఎదిగిపోయాడు.

ఇక సినిమా అభిమానులు చెవులు రిక్కించాల్సిన చోటు ఇదే. నీగోకి పిచ్చిగా నచ్చిన సినిమా ఒకటుంది. 1968లో చార్ల్‌టన్ హెస్టన్ నటించిన 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్'. ఆ కోతి మొహమే అతని బ్రాండుకి గుర్తయింది. పేరు 'ఎ బేతింగ్ ఏప్', ముద్దుగా బేప్. గోరువెచ్చని నీళ్లలో స్నానం చేస్తూ బయటికి రాని కోతి అని దాని అర్థం. సుఖానికి మరిగిన కుర్రకారు మీద వెటకారం అన్నమాట. ఆ కుర్రకారే ఎగబడి కొన్నారు... అదీ తమాషా!

మరి ఎందుకు ఎగబడ్డారు? నీగో మొదట్లో టీషర్టులు పదుల లెక్కలోనే వేయించేవాడు. అందులోనూ కొన్ని స్నేహితులకీ, సంగీతం వాళ్లకీ ఊరికే ఇచ్చేసేవాడు. వాళ్లు వేసుకుని స్టేజి మీద కనపడేవారు, పత్రికల్లో ఫోటోలు పడేవి. పాఠకుడు షాపుకి పరుగెత్తేసరికి సరుకు ఖాళీ! ఒక్కసారి ఖాళీ అని చెప్పి చూడండి, అంతవరకూ అక్కర్లేనివాడిక్కూడా అది కావాలనిపిస్తుంది.

ఈ విద్య అమెరికాలోనూ ఉంది. న్యూయార్క్ లఫాయెట్ వీధిలో 1994లో జేమ్స్ జెబియా 'సుప్రీమ్' అనే స్కేట్‌బోర్డు షాపు తెరిచాడు. ఎర్ర పెట్టెలో తెల్ల అక్షరాలు, అంతే బొమ్మ. వారానికోసారి కొత్త సరుకు దిగుతుంది, గంటల్లో అయిపోతుంది. 2016లో ఆ పేరు అచ్చుకొట్టిన మట్టి ఇటుకని 30 డాలర్లకి అమ్మితే అదీ అయిపోయింది! కొన్నవాళ్లు దాన్ని వందల డాలర్లకి తిరిగి అమ్ముకున్నారు. ఇటుక అండీ బాబూ, ఇటుక!

చీటీ పడితే చాలు

మేం వెళ్లింది శనివారం పొద్దున. ఓ షాపు ముందు కుర్రాళ్లు బుద్ధిగా నిలబడ్డారు. తోపులాట లేదు, కేకలు లేవు. లైను వేసింది కొనడానికి కాదట, లాటరీ చీటీకట! చీటీ పడినవాడికే కొనుక్కునే భాగ్యం. చాలా లాటరీలు ఇప్పుడు ఫోనులోనే నడుస్తున్నాయి. ఇలా లాటరీలు పెట్టడానికి కారణం ఉంది. ఊరికే లైను పెడితే కూలికి మనుషుల్ని తెచ్చి నిలబెట్టే మేస్త్రీలు తయారయ్యారు. అందుకని కొన్ని షాపులు ఫలానా కంపెనీ బూట్లు తొడుక్కొచ్చినవాడికే చీటీ ఇస్తామని కూడా రూలు పెట్టాయి.

"మరి కంపెనీవాళ్లే ఎక్కువ తయారుచెయ్యొచ్చుగా? లేకపోతే రేటు పెంచొచ్చుగా?" అన్నాను.

మావాడు నవ్వాడు. "ఎక్కువ చేస్తే మోజు పోతుంది మావయ్యా. రేటు పెంచితే కుర్రాళ్లు తిడతారు. తక్కువ రేటు, తక్కువ సరుకు... అప్పుడే లైను. ఆ లైనే వాళ్లకి పబ్లిసిటీ!"

నిజమే మరి. హాలు ముందు జనం కనపడితేగా సినిమా హిట్టని ఊరంతా అనుకునేది!

ఆ సందు మలుపులోనే పాత సరుకు తిరిగి అమ్మే షాపులున్నాయి. బూట్లన్నీ పారదర్శకమైన కవర్లలో చుట్టి, మ్యూజియంలో విగ్రహాల్లా పెట్టారు. అడుగు పడని బూట్లు! ఒక్కోదాని మీద అసలు ధరకి రెండింతలు, మూడింతలు. కొన్నింటి మీద అసలు ధర కన్నా తక్కువ... వాటివంక ఎవరూ చూడటం లేదు.

ఇందులోనూ సినిమా మహిమ ఉంది. 1989లో వచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' రెండో భాగంలో హీరో మైఖేల్ జె. ఫాక్స్ కాలు పెట్టగానే వాటంతటవే బిగుసుకునే బూట్లు తొడుగుతాడు. 2011లో నైకీ కంపెనీ ఆ బూట్ల నమూనా 1500 జతలు చేసి వేలం వేసింది. 2016లో నిజంగానే తాళ్లు బిగుసుకునేవి 89 జతలు చేసి, 10 డాలర్ల టికెట్టుతో లాటరీ తీసింది. రెండుసార్లూ వచ్చిన డబ్బు ఆ నటుడు పార్కిన్సన్స్ వ్యాధి పరిశోధన కోసం పెట్టిన సంస్థకి వెళ్లింది. మోజు మంచిపనికి ఉపయోగపడిన సందర్భం ఇది.

పద్నాలుగు డబ్బాలు

సాయంత్రం మావాడి గదికి వెళ్లాం. మంచం పక్కన గోడకి ఆనించి పద్నాలుగు బూట్ల డబ్బాలు. "ఇవన్నీ నీవేనా?" అంటే తల దించుకున్నాడు.

విషయం ఏమిటంటే, ఆర్నెల్లుగా వీడు తెనాలికి డబ్బు పంపటం లేదు. మా బావగారు ఇంటి మీద తీసిన బ్యాంకు అప్పు వాయిదాలు వీడి డబ్బుతోనే కడుతున్నారు. "పెట్టుబడి పెట్టాను నాన్నా, రెండింతలు వస్తుంది" అని ఫోనులో చెప్పాడట. ఆ పెట్టుబడి ఇదిగో, ఈ డబ్బాల్లో ఉంది. "నాన్నకి చెప్పకు మావయ్యా!" అన్నాడు. వాడి గొంతు వింటే నాకు కోపం రాలేదు, భయమేసింది.

"లెక్క చెప్పు" అన్నాను. కాగితం తీసి కూర్చున్నాం.

జత 20 వేల యెన్‌లకి కొన్నాడనుకోండి. 30 వేలకి అమ్ముడైతే పైకి 10 వేలు లాభం. కానీ అమ్మిపెట్టేవాళ్ల కమీషన్ నూటికి పది చొప్పున 3 వేలు, పార్సిలు ఖర్చు ఓ వెయ్యి. మిగిలేది 6 వేలు. అదే రేటు 22 వేలకి దిగిందా... కమీషన్ 2,200, పార్సిలు వెయ్యి పోగా చేతికొచ్చేది 18,800. కొన్నధర కన్నా ఎక్కువకి అమ్మి కూడా 1,200 నష్టం! ఈ రెండో లెక్క మావాడు ఎప్పుడూ వెయ్యలేదు.

అమెరికాలో డెట్రాయిట్‌లో 2016లో మొదలైన స్టాక్‌ఎక్స్ అనే కంపెనీ బూట్లని అచ్చం షేర్లలా అమ్మిస్తుంది. కొనేవాడు తన ధర చెప్తాడు, అమ్మేవాడు తన ధర చెప్తాడు, రెండూ కలిసినచోట బేరం. సరుకు ముందు కంపెనీకి వెళ్లి, అసలో నకిలీనో పరీక్షయ్యాక కొన్నవాడికి చేరుతుంది. రేటు ఎక్కిందీ దిగిందీ గ్రాఫులో కనిపిస్తుంది. మావాడు రాత్రి పన్నెండింటికి కూడా ఆ గ్రాఫే చూస్తూ కూర్చుంటాడు.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. జపానులో 2019 జూన్ నుంచి నిబంధనలకి లోబడిన కచేరీ, ఆటల టికెట్లని ఎక్కువ ధరకి అమ్ముకునే వ్యాపారం నేరం. టీషర్టుకీ బూటుకీ ఆ చట్టం వర్తించదు. కానీ ఒకరి దగ్గర కొన్న వస్తువుని మరొకరికి అమ్మటమే వ్యాపారంగా పెట్టుకుంటే పాతసామాన్ల వర్తకుడి పర్మిట్ తీసుకోవాలి, అది పోలీసు స్టేషన్లో దరఖాస్తు పెట్టుకుంటే వస్తుంది. మావాడి దగ్గర ఆ కాగితం లేదు. ఉద్యోగం వీసా మీద ఉన్నవాడికి ఇది చిన్న విషయం కాదు.

అప్పుడు వాడు అన్నిటికన్నా కిందనున్న డబ్బా తీశాడు. 1995లో వచ్చిన నైకీ ఎయిర్ మ్యాక్స్. ఆ రోజుల్లో వీటికోసం జపానులో దారికాచి కుర్రాళ్లని కొట్టి మరీ కాళ్లనుంచి ఊడబెరుక్కునేవారు. 'ఎయిర్ మ్యాక్స్ వేట' అని దానికో పేరు కూడా! మూత తీసి, ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు. అడుగుభాగం నానిన బిస్కెట్టులా పొడిపొడిగా రాలిపోయింది.

ఒక్కసారి కూడా తొడగని బూటు! ఆ అడుగులు పాలియురేతేన్ అనే పదార్థంతో చేస్తారు. గాలిలో తేమ తగిలి, ఏళ్లు గడిచేకొద్దీ అది లోలోపలే విడిపోతుంది. తొడిగినా అంతే, డబ్బాలో దాచినా అంతే. జపాను వానాకాలం ఉక్క మనకి తెలియందా! బ్లాకు టికెట్టు ఆట మొదలయ్యాక చిత్తుకాగితం. బూటుకీ ఒక ఆట టైము ఉంది. కాకపోతే దాని మీద అచ్చు వెయ్యరు.

పెద్ద కంపెనీలకే తప్పలేదిది. షాపుల మీద షాపులు తెరిచి, ఎక్కడ చూసినా కోతి మొహమే అయ్యాక, అప్పుల్లో పడ్డ బేప్ కంపెనీలో నూటికి 90 వంతులు 2011లో హాంగ్‌కాంగ్ ఐ.టి. సంస్థకి సుమారు 23 కోట్ల యెన్‌లకే వెళ్లిపోయాయి. నీగో 2013లో బయటికొచ్చి, 2021లో పారిస్ కెంజో సంస్థకి ఆర్టిస్టిక్ డైరెక్టరు అయ్యాడు. సుప్రీమ్‌ని వి.ఎఫ్. కార్పొరేషన్ 2020లో 210 కోట్ల డాలర్లకి కొని, 2024లో 150 కోట్లకి అమ్ముకుంది. అంతంతవాళ్లకి మోజు ఎప్పుడు దిగుతుందో తెలియకపోతే, నిషి-కసాయ్‌లో మావాడికెలా తెలుస్తుంది?

నేను బావగారికి ఫోను చెయ్యలేదు. "నువ్వే చెయ్యి, నేను పక్కనుంటాను" అన్నాను. చాలాసేపటికి చేశాడు. అవతల బావగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మేసి ఎంతొస్తే అంత పంపరా. మిగతాది నేను చూసుకుంటాను. భోంచేశావా?" అన్నారు. అది విని మావాడు కళ్లు తుడుచుకున్నాడు.

నేనున్న పదిరోజుల్లో పన్నెండు జతలు వెళ్లిపోయాయి. మూడింటికి లాభం, తొమ్మిదింటికి నష్టం. మొత్తం మీద నాలుగు వాయిదాలకి సరిపోయింది. పొడైపోయిన జత చెత్తలోకి వెళ్లింది. మిగిలిన పద్నాలుగో జతని తనకే ఉంచుకున్నాడు. నన్ను విమానాశ్రయానికి సాగనంపేరోజు ముసురు పట్టింది. వాడు ఆ బూట్లే తొడుక్కుని స్టేషను దాకా బురదలో నడిచాడు. "నడవటానికి బావున్నాయి మావయ్యా!" అన్నాడు, అదేదో కొత్త విషయంలా.

ఇంతకీ హరాజుకూ వెళ్లి మీరేం కొన్నారని అడుగుతారేమో! పాతబట్టల షాపులో, ఎవరో వేసి వేసి వదిలేసిన కోతిబొమ్మ టీషర్టు ఒకటి, మూడు వేల యెన్‌లకి. మెడ దగ్గర కాస్త సాగింది. మా ఆవిడ చూసి, "అంత దూరం వెళ్లి ఈ పాతగుడ్డ తెచ్చారా?" అంది. ఉతికి ఆరేస్తే మాత్రం రంగు పోలేదు!