వెన్నకొండల దేశంలో

హాలండు అనగానే మనలో చాలామందికి తులిప్ తోటలు, గాలిమరలు గుర్తుకొస్తాయి. 1981లో వచ్చిన ‘సిల్సిలా’ హిందీ సినిమాలో కనిపించిన పూల బారులు అక్కడివే. 2024 ఏప్రిల్‌లో నేనూ, మా ఆవిడా ఆ దేశంలోనూ, పక్కనున్న బెల్జియంలోనూ వారం రోజులు తిరిగి వచ్చాం. మా మేనల్లుడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు కనుక కారుకూ, బసకూ లోటు లేకపోయింది. తోటలు చూశాం, ఫోటోలు తీసుకున్నాం. వాటి గురించి బాగా రాసినవాళ్ళు ఇంతకుముందే ఉన్నారు. ఏళ్ళ తరబడి బ్యాంకులో పంట రుణాల కాగితాలు చూసిన నా కన్ను మాత్రం మరోవైపు పోయింది.

రైతుకు భారీగా డబ్బు పెట్టే ప్రాంతాల్లో యూరపు ఒకటి. అరవై ఏళ్ళకు పైగా పెడుతోంది. ఆ డబ్బు ఎవరి గడప తొక్కింది, ఎవరి గడప దాటిపోయింది? ఈ ప్రశ్న వెంటబెట్టుకుని తిరిగితే హాలండు మరో రకంగా కనిపించింది.

దిగివచ్చే వేలం

మొదటిరోజు తెల్లవారుజామునే ఆల్స్‌మేర్ వెళ్ళాం. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయానికి దగ్గర్లోని ఊరు. ప్రపంచంలోకెల్లా పెద్ద పూల వేలం అక్కడ జరుగుతుంది. ఒకే కప్పు కింద ఒక పట్నమంత స్థలం. మనం పైన కట్టిన నడవ మీద నడుస్తుంటే, కింద పూల బకెట్లు పేర్చిన బండ్లు రైలుపెట్టెల్లా ఒకదాని వెనుక ఒకటి కదిలిపోతుంటాయి.

మన వేలంలో పాట కిందనుంచి పైకి పోతుంది. అక్కడ పైనుంచి కిందికి వస్తుంది. గడియారం లాంటి పలక మీద ధర ఎక్కువలో మొదలై క్షణాల్లో దిగిపోతుంటుంది. ముందు మీట నొక్కినవాడికే సరుకు. ఆలస్యం చేస్తే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. తొందరపడితే జేబుకు చిల్లు. ఇప్పుడు కొనేవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలోనే కంప్యూటర్ల ముందు కూర్చుని నొక్కుతున్నారు. బెంగుళూరులో పెట్టిన అంతర్జాతీయ పూల వేలం కేంద్రానికి నమూనా ఈ పద్ధతే. కెన్యా, ఇథియోపియా గులాబీలు ఇక్కడికి విమానాల్లో వస్తాయి. మన హోసూరు గులాబీలు కూడా ఫిబ్రవరి ప్రేమికుల రోజుకు యూరపు దారి పడతాయి.

ఇక్కడ పూలకు సర్కారు మద్దతు ధర లేదు. కనీస ధర కూడా పలకని పూలు చెత్తలోకి పోతాయి. యూరపు రైతుకు ప్రభుత్వం ఇచ్చే అభయహస్తం ప్రధానంగా ధాన్యం, పాలు, పంచదార, పశుమాంసాల మీద పడింది. అదెలా పనిచేసిందో చూడాలంటే ఉత్తరాన ఉన్న పాడి పొలాలకు పోవాలి.

జున్ను సంతలో చేతి బేరం

ఉత్తరంగా పోతే ఆల్క్‌మార్. వేసవి కాలమంతా శుక్రవారం శుక్రవారం అక్కడ జున్ను సంత. తెల్లబట్టలు, రంగు టోపీలు వేసుకున్న మోతగాళ్ళు ఇద్దరిద్దరు చొప్పున, జున్ను చక్రాలు పేర్చిన చెక్క పల్లకీల్లాంటివి భుజాలకు తగిలించుకుని పరుగుతో మోస్తారు. కొనేవాడూ, అమ్మేవాడూ ఒకరి అరచేతిని ఒకరు చరుస్తూ ధర తేల్చుకుంటారు. మన పశువుల సంతల్లో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని చేసే బేరం గుర్తొచ్చి మా ఆవిడ నవ్వింది. నేటి సంత యాత్రికుల కోసం నడిపే వేడుక. అసలు వ్యాపారం ఎప్పుడో కంపెనీల చేతుల్లోకి వెళ్ళిపోయింది.

సంత పక్కన దుకాణంలో ద్రాక్షపళ్ళ పెట్టె మీద ‘ఇండియా’ అని కనిపించింది. నాసిక్, సాంగ్లీ వైపు నుంచి ఏటా ద్రాక్ష ఓడల్లో రాటర్‌డామ్ రేవుకు వస్తుంది. 2010లో ఒక మందు అవశేషాలు పరిమితికి మించి ఉన్నాయని మన ద్రాక్షను యూరపులో ఆపేశారు. ఎగుమతిదార్లు చాలా నష్టపోయారు. తర్వాత మనవాళ్ళు పరీక్షలు కట్టుదిట్టం చేసుకున్నారు. తమ గుమ్మంలోకి వచ్చే సరుకును యూరపు అంత శ్రద్ధగా వెతికి చూస్తుంది. తమ గుమ్మం నుంచి బయటికి పంపిన సరుకు విషయంలో ఏంచేసిందన్నది మరో కథ.

ఆకలి నుంచి పుట్టిన విధానం

ఆల్క్‌మార్ దాటి ఇంకా ఉత్తరానికి పోతే వీరింగర్‌మేర్. 1930లో సముద్రాన్ని తోడి తీసిన నేల. చదునుగా, గీత గీసినట్టు పొలాలు. “మావయ్యా, ఇప్పుడు మనం సముద్రమట్టానికి కింద ఉన్నాం,” అన్నాడు మేనల్లుడు. కట్ట కనబడేసరికి మా ఆవిడ, “ఆ కట్ట గట్టిదేనా నాయనా?” అని అడిగింది. అడగదగిన ప్రశ్నే. 1945 ఏప్రిల్‌లో, యుద్ధం ముగియడానికి మూడు వారాల ముందు, జర్మన్ సైన్యం ఆ కట్టను పేల్చి పొలాలన్నిటినీ నీట ముంచింది. గండి పడ్డచోట ఇప్పుడు చెట్లు పెంచారు. ‘కట్ట గండి అడవి’ అని దాని పేరు.

ఈ నేలలో 1937 నుంచి సేద్యం చేసిన ఒక రైతు పేరు సిక్కో మాన్‌షోల్ట్. 1945లో ఆయన హాలండు వ్యవసాయ మంత్రి అయ్యాడు. అంతకు కొన్ని నెలల ముందే ఆ దేశం ‘ఆకలి చలికాలం’ చూసింది. తిండి లేక 20 వేలమందికి పైగా చనిపోయారు. జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. మనం ఫోటోలు తీసుకునే పూల కింద ఆ కథ ఉంది.

1957 నాటి రోమ్ ఒప్పందంలో ఆరు దేశాలు కలిసి ఉమ్మడి వ్యవసాయ విధానం పెట్టుకోవాలని రాసుకున్నాయి. దిగుబడి పెరగాలి, రైతుకు బతుకుతెరువు ఉండాలి, బజారు నిలకడగా ఉండాలి, తిండికి కరువు రాకూడదు, కొనేవాడికి ధర అందుబాటులో ఉండాలి. 1962 నుంచి విధానం అమల్లోకి వచ్చింది. వ్యవసాయ కమిషనర్ హోదాలో దాన్ని నడిపినవాడు మాన్‌షోల్టే.

దాని లెక్క సులువు. బజారు ధర ఒక గీత కిందికి పడితే సర్కారు కొని గోదాములో పెడుతుంది. బయటినుంచి చవక సరుకు వస్తే సరిహద్దులో సుంకం వేసి ధర సమం చేస్తారు. లోపల మిగిలినది బయట అమ్మాలంటే, లోపలి ధరకూ, ప్రపంచ ధరకూ ఉన్న తేడాను ఎగుమతిదారుకు ఖజానా నుంచి ఇస్తారు. మన కనీస మద్దతు ధర, ఆహార సంస్థ గోదాములు తెలిసినవాళ్ళకు మొదటిది కొత్త కాదు. మూడోదే దూరం పోయింది.

పాలపొడి రెండు దారులు

సాయం ధరకు కట్టారు. ధర బాగుంటే రైతు ఊరుకుంటాడా? ఆవుల్ని పెంచాడు, పాలు పెంచాడు. ఎన్ని పాలు పోస్తే అంత ఆదాయం. 1973లో సుమారు 2 లక్షల టన్నుల వెన్నను సోవియట్ యూనియన్‌కు కారుచవకగా అమ్మేశారు. 1986 నాటికి శీతల గోదాముల్లో వెన్న 10 లక్షల టన్నులు దాటింది. పత్రికలు ‘వెన్నకొండ’ అని ఎగతాళి చేశాయి. 1980ల మొదట్లో ఆ సమాఖ్య బడ్జెట్లో మూడింట రెండొంతులు వ్యవసాయానికే పోయేది.

పోల్డరు నుంచి తిరిగి వచ్చేదారిలో ఒక పాడిరైతు ఇంటిముందు దుకాణంలో ఆగి జున్ను కొన్నాం. ఆ ఇల్లాలు అరవై దాటిన మనిషి. “మా మామగారి రోజుల్లో ఎన్ని పాలైనా తీసుకునేవారు. 1984లో కోటా వచ్చింది, దాటితే జరిమానా. 2015లో కోటా ఎత్తేశారు. ఇప్పుడు పరిమితి లేదు, ధరకు పూచీ కూడా లేదు,” అంది. మూడు తరాల విధానాన్ని ఆమె నాలుగు ముక్కల్లో తేల్చేసింది.

మిగులు పాలపొడి బయటి దేశాలకు పోయిన తీరు రెండు రకాలు. జమైకాలో 1992లో దిగుమతి అడ్డంకులు తగ్గించాక, సబ్సిడీ మీద వచ్చిన చవక పాలపొడి అక్కడి పాడిరైతును దెబ్బతీసింది. పాలు పారబోసుకున్నవాళ్ళున్నారు. మన దేశానికి కూడా అదే యూరపు మిగులు వచ్చింది, కాని కథ తిరగబడింది. 1970లో మొదలైన ‘ఆపరేషన్ ఫ్లడ్’ మొదటి దశకు 1 లక్షా 26 వేల టన్నుల పాలపొడి, 42 వేల టన్నుల వెన్ననూనె ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా దానంగా వచ్చాయి. కురియన్ గారి నాయకత్వంలోని పాడి అభివృద్ధి బోర్డు దాన్ని ఉచితంగా పంచలేదు, చవగ్గా బజారులో కుమ్మరించలేదు. పాలుగా కలిపి బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల్లో ఇక్కడి రైతు ధర పడిపోకుండా అమ్మింది. ఆ డబ్బుతో సహకార సంఘాలు, శీతలీకరణ కేంద్రాలు కట్టింది. మద్రాసులో ఆరోజుల్లో పాల కార్డు పట్టుకుని వరుసలో నిలబడ్డ మన పెద్దవాళ్ళు తాగినవాటిలో కొంత హాలండు, ఫ్రాన్సుల మిగులే అయివుండాలి. 1990ల చివరికి పాల ఉత్పత్తిలో మనదేశం ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది.

అదే పొడి ఒకచోట విషమైంది, మరోచోట పెట్టుబడి అయింది. మన దగ్గర సొమ్ము సంఘంలో ఉదయాన్నే పాలు పోసిన చేతికి, పోసిన లీటరు లెక్కన చేరింది. ఒక గేదె ఉన్నవాడూ సభ్యుడే. అతని పేరున భూమి ఉందా అని అడిగినవాడు లేడు.

బ్రస్సెల్సులో ట్రాక్టర్లు

చివరి రెండు రోజులు బ్రస్సెల్సు. షూమాన్ కూడలిలో బెర్లేమాంట్ భవనం, దానిముందు నీలిజెండాల వరుస. యూరపు కమిషన్ ఉండేది అందులోనే. మేం వెళ్ళినరోజు ప్రశాంతంగా ఉంది. అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరి 1న, అదే నగరంలో వెయ్యికి పైగా ట్రాక్టర్లు వీధులు నింపేశాయి. పార్లమెంటు ముందు టైర్లు తగలబెట్టారు, విగ్రహం ఒకటి పడగొట్టారు. ఖర్చులు, నిబంధనలు పెరిగాయనీ, బయటి చవక సరుకు ముంచెత్తుతోందనీ వాళ్ళ బాధ.

ఈ నగరానికి రైతు కోపం కొత్త కాదు. 1968లో మాన్‌షోల్ట్ తన విధానాన్ని తానే తప్పుబట్టి, చిన్న కమతాలు నిలవవు, సుమారు 50 లక్షలమంది సేద్యం వదలాలని ఒక ప్రణాళిక ఇచ్చాడు. 1971లో రైతులు సమావేశం జరుగుతున్న గదిలోకి ఆవుల్ని తోలుకొచ్చారు. అదే మార్చిలో 80 వేలమందికి పైగా వీధుల్లోకి వచ్చారు. ఒకరు చనిపోయారు.

1992లో అప్పటి కమిషనర్ మెక్‌షారీ ధాన్యం మద్దతు ధర దాదాపు మూడోవంతు తగ్గించి, బదులుగా రైతుకు నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాడు. 2003 సంస్కరణ తర్వాత ఏం పండించావన్న దానితో పనిలేకుండా ప్రధానంగా హెక్టారు లెక్కన ఇస్తున్నారు. ఎగుమతి సబ్సిడీలు 2013లో సున్నా అయ్యాయి. 2015లో నైరోబీలో ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలన్నీ వాటిని ఎత్తేయడానికి ఒప్పుకున్నాయి. వెన్నకొండలు కరిగాయి. బడ్జెట్లో వ్యవసాయం వాటా మూడోవంతుకు దిగింది.

కాని కొత్త చిక్కు వచ్చింది. సాయం భూమికి కట్టారు కనుక భూమి ఎక్కువ ఉన్నవాడికే ఎక్కువ పోయింది. నేరుగా ఇచ్చే డబ్బులో సుమారు 80 శాతం 20 శాతం మందికే చేరుతోందని కమిషన్ లెక్కలే చెబుతాయి. కౌలు తీసుకున్నవాడి చేతికి చెక్కు వచ్చినా, దానిలో కొంత కౌలు పెంపు రూపంలో ఆసామికే వెళ్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడు మంచివాడే, విస్తరి మీద రాసిన పేరే తేడా.

మన కాగితంలో ఎవరి పేరు?

ఇది దూరపు కొండల కథ కాదు. 2018 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ‘రైతుబంధు’ మొదలుపెట్టి పంటకాలానికి ఎకరాకు 4,000 రూపాయలు ఇచ్చింది. దళారీ లేకుండా సొమ్ము చేరింది, అది గొప్ప సంగతే. కాని పట్టా ఉన్నవాడికే చేరింది. కౌలుదారుకు రాలేదు. కేంద్రం 2019లో తెచ్చిన ఏడాదికి 6,000 రూపాయల ‘పీఎం కిసాన్’ కూడా భూమి ఉన్న కుటుంబాలకే. అదే సమయంలో ఒడిశా తెచ్చిన ‘కాలియా’ పథకంలో కౌలుదారుకూ, భూమిలేని కుటుంబానికీ చోటిచ్చారు. అంటే అసాధ్యమేమీ కాదు, తలచుకోవాలి.

బ్యాంకు బల్లకు ఇటువైపు కూర్చున్నవాడికి ఈ బాధ బాగా తెలుసు. విత్తనం, ఎరువు, కూలి అంతా పెట్టినవాడు వచ్చి రుణం అడుగుతాడు. కాగితంలో పేరు ఇంకొకరిది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. కాని భూమి చేజారుతుందన్న భయంతో ఆసామి వెనకాడితే ఆ కార్డు బలహీనపడుతుంది. పంట పోతే మునిగేది అతను, పరిహారం రాసేది వేరొకరి పేరున.

ధరకు కట్టిన సాయం గోదాములో పేరుకుంది. భూమికి కట్టిన సాయం భూమి యజమానికి చేరింది. పాలు పోసినవాడికి కట్టిన సాయం అతని ఇంటికే వెళ్ళింది. యూరపు ఇంత డబ్బు ఖర్చుపెట్టి నేర్చుకున్న పాఠం మనకు ఉచితంగా దొరుకుతోంది. మన పల్లెల్లో పొలాలు కౌలుకిచ్చి పట్నాల్లో స్థిరపడినవాళ్ళం మన సంఘంలో చాలామందిమి ఉన్నాం. ఈసారి కౌలు మాట్లాడుకునేటప్పుడు రెండు పక్షాలూ సంతకం పెట్టిన ఒక కాగితం రాసి అతని చేతికివ్వడం మన చేతిలో పని.

ఏప్రిల్, మే నెలల్లో ఆ వైపు వెళ్ళే పాఠకులు తులిప్ తోటలతో పాటు ఆల్స్‌మేర్ వేలానికి ఒక ఉదయం, ఆల్క్‌మార్ సంతకు ఒక శుక్రవారం కేటాయించుకోండి. వేలానికి వీలైనంత పెందలాడే వెళ్ళండి. ఎండెక్కే వేళకు పూలబండ్లు వెళ్ళిపోయి, ఖాళీ నేల మాత్రమే మిగులుతుంది.