ఒక్క గెడపోటు, 84 ఫ్రేములు

3 మార్చి 2025, సోమవారం

‘ఫ్లో’ యానిమేషన్ సినిమాకి ఆస్కార్ వచ్చింది. లాత్వియా దేశానికి ఇదే మొదటిది. పొద్దున ఆఫీసులో లైటింగ్ వాళ్లం అందరం పని పక్కనపెట్టి దీని గురించే మాట్లాడుకున్నాం. బ్లెండర్‌లో తీసిన సినిమా. పైసా కట్టక్కర్లేని ఆ సాఫ్ట్‌వేరే మా ఇంట్లో నా కంప్యూటర్లోనూ ఉంది. 1995లో ‘టాయ్ స్టోరీ’కి 117 కంప్యూటర్లు రాత్రింబవళ్లు నడిచాయి, ఒక్కో ఫ్రేముకి 45 నిమిషాల నుంచి 30 గంటల దాకా పట్టేది. ‘ఫ్లో’ దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ రెండర్ ఫామ్ జోలికే పోలేదు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం సంగీతం. కథ రాస్తూండగానే బాణీలు కట్టుకున్నాడట. తర్వాత రిహార్డ్స్ జల్యుపె తోడయ్యాడు. అంతకుముందు ‘అవే’ అని 75 నిమిషాల సినిమాకి బొమ్మా సంగీతం అన్నీ ఒక్కడే. బొమ్మంతా అయిపోయాక పైన సంగీతం పరిచే పద్ధతి నాకు మొదటినుంచీ నచ్చదు. నేను ఇంట్లో చేస్తున్న కొల్లేరు సినిమాకి ముందు లయ కుదరాలి. రంగులు ఆ తర్వాతే.

16 మార్చి, ఆదివారం

తమ్ముడు మృదంగం తెచ్చుకుని వచ్చాడు. సినిమా కోసం కొల్లేటి ఆటపాకలో తీసుకున్న వీడియో చూపించాను. తాత దోనెలో నిలబడి గెడ దించుతాడు, ఒళ్లంతా వంచి నెడతాడు, దోనె జారిపోతుంది. మళ్లీ గెడ.

“అక్కా, ఇది మిశ్రచాపు కదే!” అన్నాడు, తొడమీద తాళం వేస్తూ. తకిట దగ్గర నెట్టడం, తకధిమి దగ్గర జారడం. తాతకి ఆ పేరు తెలియాల్సిన పనేముంది, నడుములోనే ఉంది ఆయనకి.

లెక్కకి కూర్చున్నాం. సెకనుకి 24 ఫ్రేములు. అక్షరానికి 12 చొప్పున ఏడక్షరాలకి 84, అంటే మూడున్నర సెకన్లు. నెట్టడానికి 36, జారడానికి 48. కొంచెం నిదానించి నిమిషానికి 100 అక్షరాలు చేద్దామన్నాడు. అలా చేస్తే ఒక్కోదానికి 14.4 ఫ్రేములు వస్తాయి, దెబ్బ రెండు ఫ్రేముల నడుమ పడుతుంది. 96 అయితే సరిగ్గా 15, 90 అయితే 16. చివరికి 120 దగ్గరే ఆగాం. 1928లో ‘స్టీమ్‌బోట్ విల్లీ’ చేస్తున్నప్పుడు విల్‌ఫ్రెడ్ జాక్సన్ మెట్రోనోమ్ ముందు పెట్టుకుని ఇలాంటి లెక్కే కట్టాడు. దాదాపు వందేళ్లయినా ఇందులో మారిందేమీ లేదు.

రాత్రి కూర్చుని కీఫ్రేములు పెట్టాను. దెబ్బమీదే భంగిమ నిలిస్తే తాత కీలుబొమ్మలా ఉంటాడు. భుజం రెండు ఫ్రేముల ముందే కదలాలి. దూరాన చాకిరేవులో బట్ట బండకి తగిలాకే కదా చప్పుడు మనదాకా వచ్చేది, కంటికి ఆ వరస అలవాటు. జారే 48 ఫ్రేముల్లో దోనె వేగం పోతూ పోతూ ఉండాలిగానీ ఆగకూడదు. ఆగితే తాళం తెగుతుంది.

6 ఏప్రిల్, ఆదివారం, శ్రీరామనవమి

వీధి పందిట్లో కల్యాణం, సన్నాయి, మైకులో మంత్రాలు. రికార్డింగ్ పెట్టుకోలేదు. పానకం తాగొచ్చి నీళ్ల పనిలో కూర్చున్నాను.

కొల్లేరంతా నిజమైన ద్రవంలా లెక్క కట్టించాలంటే నా కంప్యూటర్ తరం కాదు, అవసరమూ లేదు. చదునైన తలం ఒకటి, దానిమీద మెల్లగా నడిచే ముడతలు, దోనె ముక్కు దగ్గర మాత్రం విడిగా అలలు. నీటికి వక్రీభవన గుణకం 1.33 ఇస్తే మిగతాది వెలుతురే చూసుకుంటుంది. నిటారుగా కిందికి చూస్తే నూటికి రెండు పాళ్ల వెలుగే వెనక్కొస్తుంది, అడుగున నాచు కనపడుతుంది. దూరంగా, ఏటవాలుగా చూస్తే నీరు కనపడదు, ఆకాశమే కనపడుతుంది. అందుకే నెట్టేటప్పుడు కెమెరా పైనుంచి, జారేటప్పుడు నీటి మట్టానికి. తకిటలో బురద, తకధిమిలో ఆకాశం. ఇవాళ ఇది దొరికినందుకు చాలా సంతోషంగా ఉంది.

గుర్రపుడెక్క ఆకులు ఇంకా ప్లాస్టిక్‌లా మెరుస్తున్నాయి. గరుకు పెంచాలి.

20 ఏప్రిల్, ఆదివారం

సినిమాలో వచ్చే గూడబాతుల గొంతు సంగతి తేలాలి. గూళ్ల దగ్గర పిల్లలు గోల చేస్తాయిగానీ పెద్ద పక్షులు దాదాపు మూగవి. బుస కొడతాయి, ముక్కులు టకటకలాడిస్తాయి, అంతే. ‘ఫ్లో’లో కాపిబారాకి ఒంటెపిల్ల గొంతు పెట్టారు, దాని అసలు అరుపు ఆ పాత్రకి నప్పలేదని. వాళ్లకి అది బాగా కుదిరింది. నేను మాత్రం మరో పక్షి గొంతు అరువు తెచ్చుకోను. కొల్లేటివాళ్లు ఈ సినిమా చూస్తారు, చెవితోనే పట్టేస్తారు.

తమ్ముడు ఘటం వాయిస్తానన్నాడు, వయొలిన్ పెంచుదామన్నాడు. మావయ్య అయితే “అన్ని పక్షులు ఒక్కసారి లేస్తుంటే పెద్ద ఆర్కెస్ట్రా ఉండాలమ్మా” అన్నారు. ప్రేమతోనే అన్నారు, కాదనడానికి నాకు నోరు రాలేదు. కానీ అక్కడ సంగీతం పెంచితే పక్షులు చిన్నవైపోతాయి. ఆ బరువైన రెక్కల చప్పుడే వినపడాలి.

4 మే, ఆదివారం

తేలిపోయింది. దోనె గూళ్ల చెట్ల దగ్గరికి వచ్చేసరికి మృదంగం ఒక్కో అక్షరం వదిలేస్తూ పోతుంది. మొదట ‘మి’ ఖాళీ, తర్వాతి ఆవర్తనంలో ‘ధిమి’ రెండూ ఖాళీ. ఆ ఖాళీల్లో ముక్కుల టకటక వచ్చి కూర్చుంటుంది. తాళం తెగదు, చేతులు మారుతుందంతే. తమ్ముడికి ఫోన్‌లో వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత “ఇంకోసారి పెట్టవే” అన్నాడు.

పక్షులు లేచే షాట్ పొడవు దీంతో మారుతుంది. ఆరు ఆవర్తనాలు, 504 ఫ్రేములు, 21 సెకన్లు. పాత యానిమాటిక్‌లో 18 సెకన్లే ఉంది. మిగతా మూడు సెకన్లూ తాత ముఖానికి ఇస్తాను, గెడ ఎత్తి పట్టుకుని పైకి చూస్తున్నప్పుడు. ముఖం రిగ్‌లో కనురెప్పలు ఇంకా సరిగా మూతపడటం లేదు. రేపు ముందు ఆ పని.