కళింగపట్నం తీరం: గాలిని తెలుసుకొని బయలుదేరుదాం

దుబాయిలో ఉద్యోగాలు చేసుకొంటున్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువకులు అక్కడి సముద్రం మీద ఒక క్రీడను చూస్తుంటారు. పెద్ద గాలిపటాన్ని తాళ్లతో నడుముకు తగిలించుకొని, పాదాల కింద పలక ఉంచుకొని, గాలి లాగుతుండగా నీటి మీద సాగిపోవడమే ఆ క్రీడ. దానిని కైట్ సర్ఫింగ్ అంటారు. అక్కడ ఒక తీరానికి కైట్ బీచ్ అనే పేరే స్థిరపడింది. సెలవులో ఇంటికి వచ్చినప్పుడు కుటుంబ సమేతంగా కళింగపట్నం వెళ్లి ఆ సరదా తీర్చుకోవచ్చునా అని మా మదరసాలో చదివిన ఒక యువకుడు అడిగాడు. ఈ ప్రశ్న చాలా ఇళ్లలో రాగలదు గనుక సమాధానం వివరంగా వ్రాస్తున్నాను.

శరీరానికి మేలు చేసే వినోదాన్ని ఇస్లాం నిషేధించలేదు. దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మన శరీరానికి కూడా మనపై హక్కు ఉందని బోధించారు. అయితే సతర్ కప్పే దుస్తులు ఉండాలి, నమాజు తప్పిపోకూడదు, ప్రాణాన్ని ప్రమాదంలోకి నెట్టకూడదు. ఈ మూడింటిలో మొదటి రెండూ మనకు సులభంగా గుర్తుంటాయి. మూడవది మాత్రం నీటిని చూడగానే మరుగున పడుతుంది.

గాలి అల్లాహ్ సూచనలలో ఒకటి. ఆయన తలిస్తే గాలి ఆగిపోయి ఓడలు సముద్రం మీద కదలక నిలిచిపోతాయని దివ్య ఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. కనుక ప్రయాణపు ఆలోచన గాలితోనే మొదలు కావాలి. మన తీరం నైరుతి నుండి ఈశాన్యానికి సాగుతుంది. సముద్రం తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో ఉంటుంది. మార్చి, ఏప్రిల్ మాసాల్లో నేల వేడెక్కిన తరువాత మధ్యాహ్నం వేళ సముద్రం మీది నుండి నేలకు గాలి వీస్తుంది. ఆ గాలి మనిషిని ఒడ్డువైపుకు చేరుస్తుంది. పడమటి గాలి అందుకు భిన్నం. అది నేల మీది నుండి సముద్రంలోకి వీస్తుంది. పట్టు తప్పినవాడిని లోపలికి తీసుకుపోతుంది. ఆ గాలి వీచే రోజున గాలిపటం విప్పనే కూడదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని ఎలా కుదిపివేసిందో మన ఇళ్లలో ఎవరూ మరువలేదు.

కళింగపట్నం వద్ద వంశధార సముద్రంలో కలుస్తుంది. నదీముఖం చూడటానికి అందమైనదే కాని, వరద రోజుల్లోను, పోటు తీసే వేళల్లోను అక్కడి నీరు లోపలికి లాగుతుంది. పిల్లలను అటు పోనివ్వరాదు. తెరిచి ఉన్న తీరంలో కూడా అలలు విరగకుండా నీరు నిశ్చలంగా కనిపించే సన్నని పాయ ఉంటే, తరచు అదే మనిషిని లోపలికి లాగే ప్రవాహం. అందులో చిక్కినవారు దానికి ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకు మళ్లాలి. ఈత రానివారు మోకాలి లోతు దాటకూడదు.

ఈ క్రీడ నేర్చుకోదలచినవారు ముందుగా శిక్షకుల వద్ద నేర్వాలి; తమిళనాడులోని రామేశ్వరం తీరంలో అటువంటివారు ఉన్నారు. నేర్చినవాడు సైతం ఇక్కడి మత్స్యకారుల సలహా అడిగిన తరువాతనే నీటిలో దిగాలి. గాలి మలుపు వారికి తెలిసినట్లు మనకు తెలియదు. తీరం వారి జీవనాధారం. ఇరవై మీటర్లకు పైబడిన గాలిపటపు తాళ్లు వారి పడవలకు, వలలకు, ఆరబెట్టిన చేపలకు తగలకుండా దూరంగా ఉండటం వారిపట్ల మన బాధ్యత.

ఇక నమాజు సంగతి. విజయనగరం నుండి కళింగపట్నం దాదాపు 100 కిలోమీటర్లు. హనఫీ ఉలమా చెప్పిన సుమారు 78 కిలోమీటర్ల పరిమితి దాటుతుంది కనుక వారికి ఖస్ర్ వర్తిస్తుంది. దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని శ్రీకాకుళం వారికి వర్తించదు. విజయనగరం వారు దారిలో శ్రీకాకుళంలో ఆగి, 1641లో షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదులో జుహర్ చేసుకోవచ్చు. స్థానిక ఇమాము వెనుక అయితే నాలుగు రకాతులూ పూర్తిగా చదవాలి. అస్ర్ తీరంలో తమ జమాఅత్‌తో రెండు రకాతులు చదువుతారు.

ఆ తీరంలో ఖిబ్లాకు, అంటే పడమరకు కొద్దిగా ఉత్తరంగా నిలబడితే సముద్రం మన వీపు వెనుక ఉంటుంది. పెద్దలందరూ ఒకేసారి నిలబడితే నీటి దగ్గరి పిల్లలను చూసేవారుండరు. కనుక రెండు జమాఅత్‌లుగా చదవండి. ఒక జమాఅత్ నమాజులో ఉండగా మిగిలినవారు నీటివైపు చూస్తూ ఉండాలి. మునిగిపోతున్నవారి కేక వినిపిస్తే, రక్షించగల వ్యక్తి నమాజు విరమించి వెళ్లడం తప్పనిసరి అని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతున్నాయి. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధను ఆచరించడమంటే ఇదే.

మగ్రిబ్‌కు ముందే అందరూ నీటి నుండి బయటికి రావాలి. బయలుదేరే ముందు పిల్లలను ఒకరొకరిగా లెక్కించి, ప్రయాణపు దుఆ చదవండి. అల్లాహ్ మన కుటుంబాలను క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక. ఆమీన్.