కొండపల్లి మాగ్నెట్ పట్టుకుని అబింగ్డన్ దాకా

నా కారు నాకంటే పదమూడేళ్ళు పెద్దది. 1972 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్. రెండే సీట్లు, పైకప్పు బట్టది, ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. మా ఆవిడ దాన్ని కారు అనదు, ‘నీ రెండో సంసారం’ అంటుంది.

ఎంజీ అనగానే మీకు హెక్టర్ గుర్తొచ్చి ఉంటుంది. ఆ బ్రాండు ఇప్పుడు చైనా కంపెనీ చేతిలో ఉంది. అసలు ఆ రెండక్షరాలకి అర్థం మోరిస్ గ్యారేజెస్. ఇంగ్లండ్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో ఉండే ఒక కార్ల షాపు. 1920ల్లో అక్కడి మేనేజరు సెసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లకి స్పోర్ట్స్ బాడీలు కట్టించి అమ్మడం మొదలుపెట్టాడు. 1929లో ఫ్యాక్టరీ పక్కనే ఉన్న అబింగ్డన్‌కి మారింది. ఎంజీబీలు అక్కడే 1962 నుంచి 1980 దాకా తయారయ్యాయి. అన్ని రకాలూ కలిపితే 5 లక్షలకు పైనే. అందుకే ఇప్పటికీ దొరుకుతాయి, సామాన్లూ దొరుకుతాయి. నాలాంటి సాఫ్ట్‌వేర్ జీతగాడు కొనగలిగిన పాతకాలం స్పోర్ట్స్ కారు ఇదొక్కటే అనుకున్నాను.

కొనేటప్పటికి దానికి తుప్పు పట్టి ఉంది. ఇక్కడ రెడింగ్‌లో, మా ఇంటికి దగ్గరలోనే ఉన్న ఒక షెడ్డులో ఇచ్చాను. పేరు చెప్పను. ఎనిమిది నెలలు ఉంచుకుని, మూడేళ్ళుగా దాచుకున్న డబ్బంతా తీసుకుని, తిరిగి ఇచ్చారు. ఏం మెరుపు! ఎర్రగా, పెళ్ళికూతురిలా ఉంది. ఆ వేసవంతా మా పదకొండేళ్ళ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తిరిగాను.

చలికాలం వచ్చింది. తలుపు కింద పెయింట్ మీద చిన్న చిన్న బుడగలు లేచాయి. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. వానకి వచ్చుంటాయిలే అనుకున్నాను.

అనుమానం వచ్చింది మా నాన్నకి. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై రెండేళ్ళు టింకరింగ్ షెడ్డు నడిపాడు. లారీ క్యాబిన్లు, అంబాసిడర్లు, తర్వాత మారుతీలు. మోకాళ్ళు సహకరించక షెడ్డు ఇచ్చేశాడు గానీ కళ్ళు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి. వీడియో కాల్‌లో కారు చూపిస్తుంటే, “ఆగు, ఆగు. తలుపు వేసి వెనకవైపు సందు చూపించు” అన్నాడు. చూపించాను.

“కింద వేలు పడుతోంది. పైన గోరు కూడా పట్టట్లేదు. బండికి నడుం వంగిందిరా.”

నవ్వేశాను. ఆయన నవ్వలేదు. “పాపని ఎక్కించకు” అని మాత్రం అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్. పైకప్పు లేదు కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునే బలం చాలావరకు తలుపుల కింద ఉండే సిల్స్‌దే. బయటికి ఒక రేకు కనిపిస్తుంది. దాని లోపల ఇంకో రేకు, మధ్యలో నిలువుగా ఒకటి, అడుగున ‘క్యాజిల్ రైల్’ అనే మరొకటి. ఇవన్నీ కలిస్తేనే ఆ పెట్టెకి బలం. పనిమంతుడైతే ముందు వింగ్ విప్పి, వెనక పానెల్ అడుగు కోసి, కుళ్ళినదంతా తీసేసి కొత్తది పెడతాడు. పని ఎగ్గొట్టేవాడు కుళ్ళిన దాని మీదే ఒక కొత్త రేకు కప్పి, వెల్డింగ్ చేసి, పెయింట్ కొడతాడు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి.

పైగా బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటిన కారుకి రోడ్ ట్యాక్స్ లేదు. పెద్ద మార్పులేవీ చేయకపోతే ఏటా చేయించే ఎంఓటీ, అంటే ఫిట్‌నెస్ పరీక్ష, అది కూడా తప్పనిసరి కాదు. భలే సౌకర్యం అనుకున్నాను అప్పట్లో. అంటే ఆ షెడ్డువాడి తర్వాత ఆ కారు కిందకి ఇంకెవరూ తొంగి చూడలేదన్నమాట.

కాబట్టి ఇంకో షెడ్డు వెతకాలి. ఈసారి ఇంటికి దగ్గరా దూరమా అని చూడదల్చుకోలేదు. ఎంజీలు పుట్టిన చోటే వెతుకుదాం అనుకున్నాను. ఫ్రిజ్ మీదున్న కొండపల్లి ఎడ్లబండి మాగ్నెట్ తీసి జేబులో వేసుకున్నాను. అది నాన్న సలహా. ఇనుము ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. “అతుక్కుంది కదా అని సంబరపడకు. పై రేకు కొత్తదే అయ్యుంటుంది. లోపలిది చూసేవాడు కావాలి” అని కూడా చెప్పాడు.

మార్చి నెల, శనివారం పొద్దున్న. ఒక్కణ్ణే బయల్దేరాను. రెడింగ్ నుంచి ఏ4074 రోడ్డు థేమ్స్ నదికి కాస్త అటూ ఇటూగా ఉత్తరానికి పోతుంది. బీచ్ చెట్ల అడవి, తర్వాత పొలాలు, వాలింగ్‌ఫర్డ్. మామూలప్పుడైతే ఈ రోడ్డు మీద టాప్ దించేసి పాటలు పెట్టుకునేవాణ్ణి. ఆ రోజు గంటకి నలభై మైళ్ళు దాటలేదు. ప్రతి గుంత దగ్గరా తలుపు వైపే చూస్తున్నాను. వెనకొచ్చే లారీవాడు హారన్ కొట్టి చెయ్యి ఊపాడు, కారు బాగుందని. ఏం చెప్పను?

అబింగ్డన్ చిన్న ఊరు. నది ఒడ్డున రాతి వంతెన, చర్చి గోపురం, మార్కెట్ మధ్యలో 17వ శతాబ్దపు కౌంటీ హాల్. ఆ హాల్లో ఇప్పుడు మ్యూజియం. అందులో ఒక ఎంజీబీ ఉంది. దేవుణ్ణి చూసినట్టు చూశాను. ముఖ్యంగా తలుపు సందులు చూశాను. పైనా కిందా ఒకే వెడల్పు.

ఫ్యాక్టరీ 1980 అక్టోబరులో మూతపడింది. అది ఉన్నచోట ఇప్పుడు ఆఫీసులు, గోడౌన్లు. పక్కనే సెమెటరీ రోడ్డు, అంటే శ్మశానం వీధి. ఎంజీ కార్ క్లబ్ ఆఫీసు ఆ వీధిలోనే ఉంది. ఈ ఊరి ఎంజీ కథల్లో నాకు నచ్చింది ఒక బీరు కథ. ఫ్యాక్టరీలో అటూ ఇటూ తిరగడానికి వాడే ఒక పాత ఎంజీని పెయింట్ షాపు బయట నిలబెట్టేవాళ్ళట. దాని మీద రంగు చుక్కలు పడి పడి మచ్చల కోడిలా తయారైంది. 1979లో, ఎంజీ అబింగ్డన్‌కి వచ్చి 50 ఏళ్ళయిన సందర్భంగా, ఊళ్ళోని మోర్లాండ్ బ్రూవరీ ఆ కారు పేరు మీదే ఒక బీరు చేసింది. ‘ఓల్డ్ స్పెకిల్డ్ హెన్’. ఆ మరుసటి ఏడాదే ఫ్యాక్టరీ పోయింది. బీరు మాత్రం ఇప్పటికీ సూపర్ మార్కెట్లో దొరుకుతోంది.

మ్యూజియం బయట పార్క్ చేసిన నా కారు దగ్గర ఒక ముసలాయన ఆగాడు. ఇక్కడ ఎంజీతో వస్తే ఎవరో ఒకరు ఆగి పలకరిస్తారు. షెడ్డు వెతుకుతున్నానని చెప్పాను. “పోయినేడు చేసిన కారు చూపిస్తారు వాళ్ళు. అది చూడకు. అయిదేళ్ళ కిందట చేసిన కారు చూపించమను” అన్నాడు. అంతే, ముందుకెళ్ళిపోయాడు.

మొదటి షెడ్డు ఊరి బయట. షెడ్డు అనడం కూడా తప్పే, షోరూమ్. చదరంగం గళ్ళ ఫ్లోరు, కాఫీ మెషిన్, తెల్ల లైట్ల కింద జాగ్వార్ ఇ-టైప్. కోటు వేసుకున్నాయన నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగకుండానే, ఇరవై నిమిషాల్లో మొత్తం లెక్క కాగితం మీద పెట్టి ఇచ్చాడు. సగం అడ్వాన్సు. పని జరిగే చోటు చూడొచ్చా అంటే ఇన్సూరెన్స్ ఒప్పుకోదన్నాడు. అది అబద్ధం కాకపోవచ్చు, చాలాచోట్ల ఆ నియమం ఉంటుంది. గుమ్మంలోంచైనా చూస్తానన్నాను. నవ్వి, ఇంకో కాఫీ తీసుకుంటారా అన్నాడు. అయిదేళ్ళ కిందటి కారు సంగతి అడిగితే పోయినేడు అవార్డు వచ్చిన కారు ఆల్బమ్ తెరిచాడు.

మోసగాడని అనను. కానీ నా డబ్బు పోయిన చోట కూడా ఇంత మర్యాదగానే మాట్లాడారు.

అక్కణ్ణుంచి ఏ415 మీద విట్నీ వైపు. దారిలో థేమ్స్ మీద న్యూబ్రిడ్జ్ దాటాలి. పేరు కొత్త వంతెన, కట్టింది 13వ శతాబ్దంలో. దాని మీద కారు ఎక్కించేటప్పుడు నా యాభై ఏళ్ళ బండి గురించి భయపడుతున్నందుకు కొంచెం సిగ్గేసింది. ఎవరో ఒకరు సరిగ్గా చూసుకుంటూ వస్తే రాయైనా నిలబడుతుంది.

విట్నీ ఒకప్పుడు దుప్పట్లకి పేరుపడ్డ ఊరు. మాలాంటివాళ్ళు ఇప్పుడు వచ్చేది ఇంకోదానికోసం. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత ఫ్యాక్టరీ అచ్చులతోనే ఎంజీబీకి సరికొత్త బాడీ షెల్స్ ఇక్కడ తయారు చేస్తోంది. ఇంజన్, చక్రాలు, సీట్లు మీవి, బాడీ కొత్తది. ధర పది వేల పౌండ్లు దాటుతుంది, పెయింటు కాకుండానే. ఆ లెక్క నాకు అందదు.

రెండో షెడ్డు ఊరికి కాస్త ఇవతల, ఒక పొలంలో ధాన్యపు కొట్టం. బోర్డు కూడా సరిగ్గా లేదు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల అరవై దాటిన పెద్దాయన, వెల్డింగ్ చేస్తున్న ఒక అమ్మాయి. మధ్యలో ఒక ఎంజీబీ బాడీని కోడిని కాల్చే చువ్వలాంటి స్టాండుకి గుచ్చి పక్కకి తిప్పి పెట్టారు. తలుపులు ఉండాల్సిన ఖాళీలో అడ్డంగా ఇనప పైపు వేసి బిగించి ఉంది. ఎందుకని అడిగాను.

“సిల్ కోస్తే కారు పుస్తకంలా మడిచుకుపోతుంది కదా” అన్నాడు. “ముందు పైపు కట్టాలి. వెల్డింగ్ మధ్యమధ్యలో తలుపు పెట్టి సందు చూసుకోవాలి. చాలామంది తలుపులు మూల పడేసి వెల్డింగ్ చేస్తారు, చివర్లో పట్టకపోతే సుత్తి తీస్తారు.”

గోడ పొడుగునా అట్టపెట్టెలు. ప్రతిదాని మీదా కారు నంబరు, ఏ భాగమో, విప్పిన తేదీ. ఇవి నన్ను ఎంత కదిలించాయంటే... ఆ రెడింగ్ షెడ్డులో నా బోల్టులు ఒక పెయింట్ డబ్బాలో ఉండేవి.

నా మాగ్నెట్ చూసి పెద్దాయన ముచ్చటపడ్డాడు. ఎడ్లబండి ముందు వింగ్ అడుగున జారి కింద పడింది. సిల్ మీద మాత్రం గట్టిగా అతుక్కుంది. ఆయన ఏమీ అనకుండా జాకీ తెచ్చాడు. సిల్ మధ్యలో జాకీ పెట్టే చోటు ఉంటుంది, అక్కడ పెట్టి నెమ్మదిగా ఎత్తాడు. “తలుపు తెరువు” అన్నాడు. చక్రం ఇంకా నేల వదల్లేదు. తలుపు తెరుచుకోలేదు. లోపలెక్కడో ఎండు రొట్టె విరిగినట్టు చప్పుడు.

కారు దించేశాడు. కాసేపు చేతులు తుడుచుకున్నాడు.

“ఈ పని నాకే ఇవ్వమని అనడం లేదు” అన్నాడు. “నాకు అయిదు నెలల క్యూ ఉంది. ఇంకెవరికైనా ఇచ్చుకో. కానీ దీన్ని నడుపుకుంటూ ఇంటికి వెళ్ళకు. ఇక్కడే ఓ మూల పెట్టు, అద్దె వద్దు.”

మా అమ్మాయి గుర్తొచ్చింది. వేసవిలో ఎన్నిసార్లు డెబ్బై మైళ్ళ స్పీడులో... ఆ లెక్క వేయడం మానేశాను.

మొత్తం ఎంతవుతుందని అడిగితే చెప్పనన్నాడు. ముందు పదిహేను గంటల పని, విప్పి చూడ్డానికి మాత్రమే, ఆ డబ్బు మాత్రమే. ఫొటోలతో రాసిస్తాడు. అది తీసుకుని నేను వేరేచోటికి పోయినా సరే. కొత్త షెల్ సంగతి నేనే ఎత్తాను. “నీకు అవసరం లేదు. వెనకంతా బాగుంది” అన్నాడు. పెయింట్ ఆయన చేయడట, ఇంకో ఊళ్ళో చేయిస్తాడు. అదీ దాచలేదు. అయిదేళ్ళ కిందటి కారు అడిగాను. బయట ట్యూనింగ్‌కి వచ్చిన తెల్ల ఎంజీబీ ఉంది, 2016లో సిల్స్ తనే వేశానన్నాడు. తడి గడ్డి మీద పడుకుని కిందకి చూశాను. వ్యాక్స్ కింద వెల్డింగ్ చుక్కలు, మన పెళ్ళి ముగ్గులో చుక్కల్లా, వరసగా.

విట్నీకి రైలు లేదు. బస్సులో ఆక్స్‌ఫర్డ్, అక్కణ్ణుంచి రైలు. చేతిలో కారు తాళాలు లేవు, జేబులో మాగ్నెట్ ఉంది. రైల్లోంచే నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఒక్కటే అడిగాడు.

“కోసిన పాత రేకు నీకిస్తానన్నాడా?”

“అడక్కుండానే అన్నాడు నాన్నా.”

“అయితే బండి అక్కడే ఉంచు.”

ఆగస్టులో ఆ రేకు వచ్చింది. అడుగున్నర పొడుగు ముక్క. పైన నా ఎర్ర రంగు వేసిన కొత్త రేకు. దాని కింద ఎప్పుడో ఎవరో కప్పిన ఇంకో రేకు. దాని కింద 1972 నాటిది, బిస్కెట్టులా పొడి పొడిగా. మధ్యలో ఖాళీ నింపడానికి కుక్కిన పసుపుపచ్చ ఫోమ్. అసలు రేకు మీద గోరంత చోట పాత రంగు మిగిలింది. నీలం.

వీడియోలో చూపిస్తే నాన్న చాలాసేపు నవ్వాడు. “ఫోమా! దొరబాబులు. మన దగ్గరైతే గోనెసంచి కుక్కేవాళ్ళురా” అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, “ఏదీ, ఇంకొంచెం దగ్గరగా పెట్టు” అన్నాడు.